డెబ్బై ఏళ్లు దాటిన బాంబర్ ఎందుకు కూలింది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

2019 అక్టోబర్ 2న అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో, బ్రాడ్లీ అంతర్జాతీయ విమానాశ్రయంలో ఒక బి-17 బాంబర్ కూలి ఏడుగురు మరణించారు. ‘నైన్ ఓ నైన్’ అని పేరు రాసుకుని తిరిగిన ఆ విమానం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తయారైంది. ప్రమాదం నాటికి అది కాలింగ్స్ ఫౌండేషన్ అనే ప్రైవేటు సంస్థ చేతిలో ఉండి, టికెట్టు కొన్నవారిని కాసేపు ఆకాశంలో తిప్పి తెచ్చేది. ఆ ప్రమాదం గురించీ, ఆ కోవకు చెందిన మరికొన్నింటి గురించీ పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: యుద్ధంలో తూటాలతో తూట్లు పడి, ఇంజన్లు ఆగిపోయినా బి-17లు తిరిగి స్థావరాలకు చేరేవని చదివాను. అటువంటి విమానం శాంతికాలంలో, కళ్లెదుట రన్‌వే ఉండగా, ఎలా కూలింది?

జవాబు: మీరు చదివింది నిజమే. అయితే యుద్ధంలో అలా తిరిగివచ్చిన విమానాలు వేల అడుగుల ఎత్తున ఉండేవి, బాంబులు వదిలేసి బరువు దించుకుని వచ్చేవి. ఎత్తు అనేది పైలట్‌కు బ్యాంకులో ఉన్న సొమ్ము వంటిది. ఇంజను శక్తి తగ్గినప్పుడు ఆ ఎత్తును కొద్దికొద్దిగా ఖర్చుపెట్టి వేగాన్ని కాపాడుకోవచ్చు. అప్పుడే నేల విడిచిన విమానానికి ఆ నిల్వ లేదు.

ఆ ఉదయం విమానంలో ముగ్గురు సిబ్బంది, పదిమంది ప్రయాణికులు ఉన్నారు. బి-17కు నాలుగు ఇంజన్లు. పైలట్ ఎడమ వైపు నుంచి లెక్కిస్తే మూడు, నాలుగు నంబర్లవి కుడి రెక్క మీద ఉంటాయి. ఎగిరిన కాసేపటికే నాలుగో ఇంజను సరిగా నడవకపోవడంతో పైలట్ దాన్ని ఆపేసి, తిరిగి దిగుతానని కంట్రోల్ టవర్‌కు తెలిపాడు. ఇంతవరకు జరిగింది శిక్షణలో నేర్పే సంగతే. మూడు ఇంజన్లతో ఆ విమానం దిగగలదు. కానీ మూడో ఇంజను కూడా పూర్తి శక్తిని ఇవ్వడం లేదని దర్యాప్తులో తేలింది. అంటే బలహీనమైన రెండూ ఒకే రెక్క మీదివి. అటువంటప్పుడు విమానం ఆ వైపుకు లాగుతుంది, దాన్ని తిన్నగా నడపడానికి తోక మీది చుక్కాని వాడాలి, చుక్కాని వాడిన కొద్దీ గాలి ఒరిపిడి పెరుగుతుంది, ఒరిపిడి పెరిగిన కొద్దీ వేగం పడిపోతుంది.

దీనికి తోడు చక్రాలను ముందే దించారు. దించిన చక్రాలు గాలిని అడ్డుకుంటాయి. రన్‌వేను తప్పక అందుకుంటామని రూఢి అయ్యేదాకా చక్రాలను లోపలే ఉంచి ఉంటే విమానం బహుశా రన్‌వే మీదే దిగగలిగేదని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి, అంటే ఎన్‌టీఎస్‌బీ, తేల్చింది. వాస్తవంలో అది రన్‌వేకు సుమారు వెయ్యి అడుగుల ముందు దీపాల వరుసను తగిలి, నేలకు కొట్టుకుని, కుడివైపుకు జారిపోయి, విమానాల మీది మంచును తొలగించే ద్రావణం నిల్వచేసే చోటును ఢీకొని తగలబడింది. ఇద్దరు పైలట్లు, అయిదుగురు ప్రయాణికులు మరణించారు. ఇంజను ఆగిన తరువాత విమానపు వేగాన్నీ, చక్రాల స్థితినీ పైలట్ సరిగా నిర్వహించలేకపోవడాన్ని ఎన్‌టీఎస్‌బీ ప్రధాన కారణంగా పేర్కొంది.

ప్రశ్న: అయితే తప్పంతా పైలట్‌దేనా? చనిపోయినవాడి మీద నెపం వేయడం సులువు కదా!

జవాబు: పైలట్ మీదే ఆపేసి ఉంటే మీ అనుమానం సబబే. కానీ ఎన్‌టీఎస్‌బీ అక్కడ ఆగలేదు. ఇంజన్లు అసలు ఎందుకు చెడ్డాయన్న దగ్గరికి వెళ్తే ఈ ప్రమాదం అసలు స్వరూపం కనిపిస్తుంది.

ఇటువంటి ఇంజనులో ప్రతి సిలిండర్‌కూ రెండేసి స్పార్క్ ప్లగ్గులు, వాటికి విద్యుత్తు అందించడానికి రెండు మాగ్నెటోలు ఉంటాయి. ఒకటి చెడినా రెండోదానితో ఇంజను నడవాలన్నది ఉద్దేశం. నాలుగో ఇంజనును విప్పి చూస్తే, ఒక మాగ్నెటోకు వెళ్లే తీగ తన బిగింపు నుంచి ఊడిపోగా, దాన్ని ఎవరో సేఫ్టీ వైర్‌తో కట్టిపెట్టినట్టు కనిపించింది. ఆ కట్టుతీగ జరిగి లోహపు తొడుగును తాకడంతో విద్యుత్తు అటే పోయి, ఆ మాగ్నెటో పనికిరాకుండా పోయింది. రెండోదాన్ని పరీక్షిస్తే దాని భాగాలు అరిగిపోయి ఉన్నాయి. తొమ్మిది సిలిండర్లలో నాలుగింటికి అది బలహీనమైన స్పార్క్ ఇచ్చింది, లేదా అసలే ఇవ్వలేదు. మూడో ఇంజనులోనేమో స్పార్క్ ప్లగ్గుల మొనల మధ్య ఎడం, ఉండవలసిన పరిమితిని దాటి ఉంది. ప్లగ్గులు మసిపట్టి ఉన్నాయి. వీటిలో ఏదీ డెబ్బై ఏళ్లలో ఒకసారి వచ్చే అరుదైన లోపం కాదు. క్రమం తప్పకుండా ప్లగ్గులు తీసి, తుడిచి, ఎడం కొలిచి తిరిగి బిగించే మెకానిక్ కంటికి చిక్కే లోపాలు.

ఇక మరొక సంగతి. ఆ రోజు విమానం నడిపిన పైలట్, బి-17 మీద ఏడు వేల గంటలకు పైగా అనుభవం ఉన్నవాడు, ఆ సంస్థలో నిర్వహణ విభాగానికి అధిపతి కూడా ఆయనే. ఇంజను బాగుందని చెప్పవలసినవాడు, బాగా లేదని అనుమానించవలసినవాడు ఒకే మనిషి అయినప్పుడు, ఎంత సమర్థుడైనా సరే, రెండో కన్ను ఉండదు. నా దృష్టిలో ఈ ప్రమాదానికి మూలం ఇక్కడుంది. ఇందులో వ్యక్తిని నిందించవలసిన పని లేదు. ప్రేమతో నడిచే సంస్థల్లో పనులన్నీ అనుభవజ్ఞుడైన ఒక్కరి నెత్తి మీదికి చేరడం సహజం, ఆయన్ను ప్రశ్నించడానికి తక్కినవారు మొహమాటపడడం అంతకన్నా సహజం.

ప్రశ్న: అంత పాత విమానంలో డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించడానికి ప్రభుత్వం ఎలా ఒప్పుకుంది?

జవాబు: మామూలుగా ఒప్పుకోదు. యుద్ధం కోసం తయారైన విమానానికి ప్రయాణికుల విమానాలకు ఉండే ప్రమాణాల ప్రకారం ధ్రువీకరణ ఉండదు కనుక, దానిలో డబ్బుకు మనుషులను తిప్పడం అమెరికా నిబంధనల ప్రకారం నిషిద్ధం. అయితే చరిత్రను ప్రజలకు అనుభవంలోకి తెచ్చే పేరిట, అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌ఏఏ కొన్ని సంస్థలకు షరతులతో మినహాయింపు ఇస్తూ వచ్చింది. కాలింగ్స్ ఫౌండేషన్‌కూ అటువంటి మినహాయింపే ఉండేది. భద్రతను పద్ధతి ప్రకారం పర్యవేక్షించే వ్యవస్థ సంస్థలో ఉండాలన్నది ఆ షరతుల్లో ఒకటి. ప్రమాదం తరువాత ఎఫ్‌ఏఏ ఆరా తీస్తే, సిబ్బందిలో బతికి బయటపడిన ఒక్కరికే మినహాయింపు కింద విమానం నడపడం గురించిన ప్రాథమిక సమాచారం కూడా తెలియదని బయటపడింది. 2020 మార్చిలో మినహాయింపు రద్దయింది. కాగితం మీద ఉన్న షరతు హాంగరులో, అంటే విమానాల షెడ్డులో, అమలవుతున్నదా అని సకాలంలో చూడనందుకు ఎన్‌టీఎస్‌బీ ఎఫ్‌ఏఏను కూడా తప్పుపట్టింది.

బ్రిటన్‌లో దారి కొంచెం వేరు. అక్కడ ఇటువంటి విమానంలో డబ్బు కట్టి ఎక్కేవారికి, ఇది మామూలు ప్రయాణికుల విమానంతో సమానమైన భద్రత ఉన్నది కాదని స్పష్టంగా వివరించి, తెలిసే ఎక్కుతున్నామని వారిచేత సంతకం చేయించుకోవాలి.

ప్రశ్న: లోహానికి కూడా వయసుంటుంది కదా? ఎంత బాగా చూసుకున్నా, పాతదనమే ఏదో ఒకరోజు విమానాన్ని కూల్చదా?

జవాబు: లోహం అలసిపోతుంది, తుప్పు పడుతుంది, అది నిజం. కానీ పేరున్న ప్రమాదాల నివేదికలు చదివితే, వయసు ఒంటరిగా మనిషిని చంపిన సందర్భాలు అనుకున్నంత తరచుగా కనిపించవు. 2018 ఆగస్టు 4న స్విట్జర్లాండ్‌లో పిజ్ సెగ్నాస్ శిఖరం దగ్గర యుంకర్స్ జు-52 విమానం కూలి, లోపలున్న ఇరవైమందీ మరణించారు. 1939లో స్విస్ వైమానిక దళంలో చేరిన విమానం అది. శిథిలాల్లో తుప్పు, ఇతర లోపాలు కనిపించాయి కూడా. అయినా దర్యాప్తు సంస్థ ప్రధాన కారణంగా చూపింది వాటిని కాదు: తప్పించుకునే దారి లేని కొండల నడుమకు, తక్కువ ఎత్తున, ప్రమాదకరమైనంత తక్కువ వేగంతో విమానాన్ని నడిపిన తీరును. నడిపిన ఇద్దరూ ఎంతో అనుభవం ఉన్న పైలట్లే.

వయసు నేరుగా పాత్ర వహించిన ఉదాహరణ కావాలంటే 2011 సెప్టెంబర్ 16న నెవాడా రాష్ట్రంలోని రీనోలో జరిగిన విమాన పందేన్ని చూడాలి. పందెం కోసం విపరీతంగా మార్పులు చేసిన, రెండో ప్రపంచ యుద్ధ కాలపు పి-51 మస్టాంగ్ యుద్ధవిమానం ఒకటి ప్రేక్షకుల మధ్యలో కూలి, పైలట్‌తో పాటు నేలమీద పదిమంది మరణించారు. తోక భాగంలో ట్రిమ్ ట్యాబ్ అనే చిన్న పలక ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే స్క్రూలకు వాడిన లాక్‌నట్లలో, స్క్రూను బిగువుగా పట్టుకునే లోపలి వలయం ఏళ్ల తరబడి వాడకంతో చేవ కోల్పోయింది. పట్టు సడలిన పలక అమిత వేగంలో అదరడం మొదలై విరిగిపోయింది. విమానం ఒక్కసారిగా పైకి లేచిన ఆ ఊపుకు పైలట్ స్పృహ తప్పి ఉంటాడని దర్యాప్తుదారులు భావించారు. ఇక్కడ ముసలిదైంది విమానపు అస్థిపంజరం కాదు, మార్చి పారేయవలసిన నట్టు. అంతే కాదు, ఆ విమానానికి చేసిన మార్పులను అంత వేగంలో సరిగా పరీక్షించి చూడలేదు కూడా.

ప్రశ్న: ఈ విమానాల్లో బ్లాక్ బాక్స్ ఉండదంటారు. మరి దర్యాప్తు ఎలా చేస్తారు?

జవాబు: సాధారణంగా ఉండదు, నిబంధనలూ అడగవు. అందుచేత రాడార్ గుర్తులు, టవర్‌తో జరిపిన సంభాషణల రికార్డు, విడి భాగాల పరీక్ష, చూడడానికి వచ్చినవారు తీసిన ఫొటోలు, వీడియోలు ఆధారమవుతాయి. ఈ విమానాలు ఎక్కడ ఎగిరినా కెమెరాలు వాటి వైపే తిరిగి ఉంటాయన్నది దర్యాప్తుదారులకు కలిసివచ్చే అంశం. వీడియోలో వినిపించే ఇంజను చప్పుడును విశ్లేషించి ప్రొపెల్లర్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతున్నదో కూడా లెక్కకట్టగలరు.

ప్రశ్న: ఎక్కినవాడు తెలిసి ఎక్కాడు. కింద రోడ్డు మీద పోతున్నవాడి మాటేమిటి?

జవాబు: ఇది అన్నిటికన్నా బరువైన ప్రశ్న. 2015 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లో షోరమ్ ఎయిర్ షోలో, 1950ల నాటి నమూనా అయిన హాకర్ హంటర్ జెట్ ఒకటి గాలిలో నిలువు వలయం తిరుగుతూ పూర్తిచేయలేక, పక్కనున్న ఎ27 రహదారి మీద పడింది. పదకొండుమంది మరణించారు, అందరూ రోడ్డు మీద ఉన్నవారే. పైలట్ తీవ్రంగా గాయపడి బతికాడు. వలయం శిఖరాన విమానం కనీసం 3,500 అడుగుల ఎత్తులో ఉండవలసి ఉండగా, సుమారు 2,700 అడుగులకే చేరిందని బ్రిటిష్ దర్యాప్తు విభాగం నిర్ధారించింది. మొదలుపెట్టినప్పటి వేగమే తక్కువ. శిఖరం దగ్గరే ఆ సంగతి గ్రహించి ఉంటే, వలయం వదిలేసి బయటపడే వీలు అప్పటికింకా ఉంది.

2019లో క్రిమినల్ కోర్టు పైలట్‌ను నిర్దోషిగా విడిచిపెట్టింది. 2022లో మరణ విచారణాధికారి మాత్రం అవి చట్టవిరుద్ధమైన మరణాలని తేల్చారు. ఈ రెండూ పరస్పర విరుద్ధాలుగా తోచవచ్చు కానీ, శిక్ష వేయాలంటే ఎటువంటి సందేహానికీ తావులేని రుజువు కావాలి, మరణ విచారణకు అంత కావలసిన పని లేదు. ప్రమాదం తరువాత బ్రిటన్‌లో పాత జెట్ విమానాలు నేల మీదుగా ఎగిరేటప్పుడు ఇటువంటి తీవ్రమైన విన్యాసాలు చేయకుండా ఆంక్షలు వచ్చాయి, అనుమతుల పద్ధతి కఠినమైంది. టికెట్టు కొన్న ప్రేక్షకులను దూరంగా ఉంచే నియమాలు అప్పటికే ఉన్నాయి. ప్రదర్శన సంగతే పట్టనివాడు పోయే దారిని ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు. మినహాయింపులు ఇచ్చే అధికారి ముందుగా లెక్కలోకి తీసుకోవలసినది, నా మటుకు నాకు, ఆ మనిషినే.

ప్రశ్న: వీటిని మ్యూజియంలో పెట్టేస్తే పోలేదా?

జవాబు: ఆ వాదనకు బలముంది. 12,731 బి-17లు తయారైతే ఇప్పుడు ఎగరగలిగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2022 నవంబర్ 12న డాలస్ ఎయిర్ షోలో ‘టెక్సస్ రెయిడర్స్’ అనే బి-17ను పి-63 కింగ్‌కోబ్రా యుద్ధవిమానం గాలిలోనే ఢీకొని, రెంటిలోనూ కలిపి ఆరుగురు మరణించారు. ఒకదాని దారికి మరొకటి రాకుండా ఎత్తులు ముందే పంచుకునే ప్రణాళిక లేకపోవడం అక్కడి లోపం. దానికీ విమానాల వయసుకూ సంబంధం లేదు. అయినా పోయిన విమానాలు పోయినట్టే, మళ్లీ తయారయ్యేవి కావు. అయితే ఎగరని విమానాన్ని మరమ్మతు చేసే నైపుణ్యం ఒక తరంలో అంతరించిపోతుందన్న మాట కూడా నిజమే. ఎగరనివ్వండి, కానీ డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించడం ఆపండి అన్నది నా అభిప్రాయం. ఈ మాట ఆ సంస్థలకు రుచించదని తెలుసు. టికెట్ల డబ్బే వాటి ఇంధనానికి, మరమ్మతులకు ఆధారం.

ప్రశ్న: మా అబ్బాయి ఇటువంటి విమానం ఎక్కడానికి టికెట్టు కొన్నాడు. వద్దంటే వినడు. కనీసం ఏమి అడిగి తెలుసుకోమంటారు?

జవాబు: విమానం వయసు అడిగి లాభం లేదు, అది అందరికీ తెలిసిందే. విమానం ఎగరడానికి పనికివస్తుందని సంతకం చేసేది ఎవరు, ఆ రోజు నడిపేది ఎవరు, ఇద్దరూ ఒకరేనా అని అడగమనండి. స్పార్క్ ప్లగ్గులు, మాగ్నెటోలు చివరిసారి ఎప్పుడు విప్పి చూశారో రికార్డు చూపమనండి. సక్రమంగా నడిచే సంస్థ ఆ పుస్తకం చూపడానికి సందేహించదు. ఎగిరిన వెంటనే ఒక ఇంజను ఆగితే ఏం చేస్తారో ప్రయాణికులకు చెప్పే మాటల్లో ఉందా లేదా గమనించమనండి. సీటు బెల్టు ఎలా విప్పాలో, ఏ తలుపు లోపలి నుంచి ఎలా తెరుచుకుంటుందో కూర్చోకముందే చేతితో తాకి చూసుకోవాలి. సంతకం చేయమనే కాగితాన్ని మాత్రం రన్‌వే పక్కన నిలబడి తొందరలో చేయకుండా, ముందురోజే తెప్పించుకుని చదవమనండి.