ఫాంటసీ బేస్‌బాల్‌లో ట్రేడ్ లాభమో నష్టమో ఎలా తేల్చాలి?

ఫాంటసీ బేస్‌బాల్ అంటే నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి, వాళ్ల అసలు గణాంకాలతో పోటీపడటం; ట్రేడ్ అంటే జట్లు ఆటగాళ్లను మార్చుకోవడం. 12 జట్ల రోటిసరీ లీగ్‌లో మీ స్టార్‌ను ఇస్తే ఇద్దరు ఓ మోస్తరు ఆటగాళ్లను ఇస్తామంటున్నారు, ఒప్పుకోవాలా అని కదా ప్రశ్న. ముందు పేర్లు పక్కన పెట్టి పాయింట్ల పట్టిక తెరవండి.

రోటిసరీలో హోమ్ రన్లు (సాధారణంగా బంతిని కంచె దాటించే షాట్లు), స్టోలెన్ బేసులు (హిట్‌తో పని లేకుండా పరుగెత్తి తర్వాతి బేస్ చేరడం), సగటు (కొట్టే అవకాశాల్లో హిట్లైన పాలు) లాంటి ప్రతి విభాగంలోనూ ర్యాంకుకే పాయింట్లు: మొదటి జట్టుకి 12, చివరి జట్టుకి 1. స్టోలెన్ బేసుల్లో మీరు 40 ముందున్నారనుకోండి, ఇంకో 30 వచ్చినా ఒరిగేదేమీ లేదు. హోమ్ రన్లలో మీ పైన నాలుగు జట్లు పది తేడాలోనే ఉంటే మాత్రం ఒక్క హిట్టర్ నాలుగు పాయింట్లు తెచ్చిపెట్టొచ్చు. 2023లో ఓక్లాండ్ ఆటగాడు ఎస్టూరీ రూయిజ్ 67 బేసులు దొంగిలించాడు, హోమ్ రన్లు ఐదే. ఫిలడెల్ఫియా ఆటగాడు కైల్ ష్వార్బర్ 47 హోమ్ రన్లు కొట్టాడు, సగటు మాత్రం .197! ఇద్దరిలో ఎవరు గొప్ప అని వాదించుకోవడం దండగ. ష్వార్బర్‌ వస్తే హోమ్ రన్లలో ఎంత ఎక్కుతారు, సగటులో ఎంత జారతారు, అదే లెక్క.

ఒకరికి ఇద్దరన్న బేరంలో ఓ మెలిక ఉంది. రెండోవాడికి చోటివ్వాలంటే మీరు ఇంకొకర్ని వదిలేయాలి. అవతలివాళ్లేమో ఖాళీ అయిన చోట ఫ్రీ ఏజెంట్‌ను, అంటే లీగ్‌లో ఏ జట్టూ తీసుకోని ఆటగాణ్ని, పెట్టుకుంటారు. అందుకే ఉచితంగా మంచి ఆటగాళ్లు దొరికే చిన్న లీగుల్లో సాధారణంగా స్టార్‌ను దక్కించుకున్నవాడిదే పైచేయి.

ఇక నెల రోజుల సగటు చూసి మోసపోకండి. హోమ్ రన్లు కాకుండా, కొట్టి మైదానంలోకి పంపిన బంతుల మీద సగటు లీగ్ మొత్తమ్మీద .300 చుట్టూ ఉంటుంది. ఎవరిదైనా .400 దాటిందంటే అందులో అదృష్టం పాలు ఎక్కువ. అమ్మేయడానికి అదే అదను.