మ్యూనిక్, ఆఖెన్, స్టుట్‌గార్ట్: ర్యాంకు చూసే ముందు అద్దె చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. మెకానికల్ బీటెక్, 7.5 సీజీపీఏ, బ్యాక్‌లాగ్‌లు లేవు. టీయూ మ్యూనిక్, ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్, స్టుట్‌గార్ట్ యూనివర్సిటీ, జర్మనీలోని ఈ మూడింట్లో మాస్టర్స్‌కి ఏది గొప్ప అని అడిగావు. ఖర్చు గురించి ఒక్క ముక్క లేదు. నీ వయసులో నేనూ అంతే, ర్యాంకుల పట్టిక ప్రింటు తీసి గోడకి అంటించుకున్నాను. ఆ పట్టికలో ఇంటి అద్దె ఉండదు.

మార్కుల సంగతి త్వరగా తేల్చేద్దాం. ఇక్కడ గ్రేడు ఎంత తక్కువైతే అంత గొప్ప: 1 అత్యుత్తమం, 4 బొటాబొటి పాసు. మన సీజీపీఏని బవేరియన్ ఫార్ములాతో మారుస్తారు. 10లోంచి నీ మార్కు తీసెయ్, దాన్ని 10కీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించు, 3తో హెచ్చించి 1 కలుపు. మీ యూనివర్సిటీలో పాస్ మార్కు 5 అయితే నీ 7.5 ఇక్కడ 2.5 అవుతుంది. చాలా కోర్సులు అక్కడే గీత గీస్తాయి. అంటే నువ్వు సరిగ్గా గీత మీద ఉన్నావు.

గీత దాటినవాళ్ళని కూడా వెనక్కి పంపేవి క్రెడిట్లు. గణితంలో ఇన్ని, మెకానిక్స్‌లో ఇన్ని, థర్మోడైనమిక్స్‌లో ఇన్ని చదివి ఉండాలని కోర్సు నిబంధనల్లోనే రాస్తారు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి నాన్న చేత డబ్బు కట్టించి, అప్లికేషన్లన్నీ వాళ్ళకి వదిలేశాను. వాళ్ళు మెమోల్లోని సబ్జెక్టు పేర్లు మాత్రం పంపించారు. 'మెకానిక్స్ క్రెడిట్లు చాలవు' అని వరసగా తిరస్కరణలు. ఇంజనీరింగ్ మెకానిక్స్, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, కైనమాటిక్స్, డైనమిక్స్ అన్నీ చదివినవాణ్ణి నేను! మరుసటి ఏడాది నేనే కూర్చుని ప్రతి సబ్జెక్టుకీ యూనిట్లు, గంటలు, పుస్తకాల పేర్లు టైప్ చేసి పంపాను. అదే డిగ్రీకి, అవే మార్కులకి సీటు వచ్చింది. ఈలోగా నాన్న తెచ్చిన అప్పు మీద నూటికి రెండు రూపాయల వడ్డీ నెలనెలా నడిచింది. అందుకని సిలబస్ పుస్తకం కాలేజీ వదిలే ముందే సంపాదించు.

ఇక ఫీజులు. మీ తరానికి ఫోన్లోనే అన్నీ దొరుకుతాయి కాబట్టి వివరాలు నువ్వే సరిచూసుకో. టీయూ మ్యూనిక్ 2024-25 శీతాకాలం సెమిస్టర్ నుంచి యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళకి ఫీజు పెట్టింది. మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4,000 లేదా 6,000 యూరోలు. స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె ఉన్న బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి సెమిస్టర్‌కి 1,500. ఆఖెన్‌లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ రుసుము కడితే చాలు. నాలుగు సెమిస్టర్లకి లెక్క కట్టు: మ్యూనిక్‌లో 16,000 నుంచి 24,000, స్టుట్‌గార్ట్‌లో 6,000, ఆఖెన్‌లో సున్నా. ఆఖెన్ కొన్ని ఇంజనీరింగ్ కోర్సులకి జీఆర్‌ఈ పరీక్ష స్కోరు అడుగుతుంది, గడువు కూడా ముందే ముగుస్తుంది. స్టుట్‌గార్ట్‌లో మెకానికల్ కోర్సులు ఎక్కువ జర్మన్‌లోనే ఉంటాయి. మన డిగ్రీ అసలుదేనని పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ లేనిదే వీసా లేదు, ఇవాళే మొదలుపెట్టు.

ఇప్పుడు అద్దె. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకి ఇంతే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు వేస్తావు, నెలకి 992 చేతికొస్తాయి. నువ్వు ఏ ఊళ్ళో ఉన్నా అదే 992. మ్యూనిక్‌లో గది అద్దె, ఆరోగ్య బీమా కట్టాక మిగిలేది చూస్తే కళ్ళు తిరుగుతాయి. నేను చేరేనాటికి అక్కడ ట్యూషన్ ఫీజు లేదు. 'ఫీజే లేని చోట ఖర్చేముంటుంది' అని నాన్నకి ధైర్యం చెప్పి మరీ బయల్దేరాను. దిగాక తెలిసింది, స్టూడెంట్ హాస్టల్‌కి సెమిస్టర్ల తరబడి వెయిటింగ్ లిస్టు. బయట గది తీసుకుంటే మూడు నెలల అద్దె దాకా అడ్వాన్సు అడగవచ్చు, చట్టమే ఒప్పుకుంటుంది. అడ్వాన్సుకే జేబు ఖాళీ. పార్సిల్ గోడౌన్‌లో రాత్రి డ్యూటీకి వెళ్ళి, పొద్దున్న క్లాసులో నిద్రపోయేవాణ్ణి. ఒక పరీక్ష రెండుసార్లు పోయింది. చాలా కోర్సుల్లో మూడోసారి కూడా పోతే ఆ కోర్సుకి దండం పెట్టాల్సిందే. గోడౌన్ మానేసి, చపాతీలు చేసుకుంటూ, మెన్సాలో, అంటే యూనివర్సిటీ క్యాంటీన్‌లో, చవక భోజనం తింటూ గట్టెక్కాను. ఇవాళ స్టుట్‌గార్ట్ దగ్గర సొంత ఫ్లాట్ ఉంది, చెప్పుకుంటే తప్పేముంది! మ్యూనిక్‌లోనే ఉండి ఉంటే అది కొనలేను.

విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు. ఆ జీతం మీద లెక్క వేసి మాత్రం రాకు. మొదటి సెమిస్టర్లో పని దొరక్కపోవచ్చు, దొరికినా జర్మన్ రాకపోతే గోడౌనే.

నీ స్థితికి ఆఖెన్ ముందు పెట్టు, తోడుగా బ్రౌన్‌ష్వైగ్ లాంటి, మ్యూనిక్ కంటే చిన్న ఊళ్ళోని యూనివర్సిటీ ఒకటి వేసుకో. మ్యూనిక్ కావాలంటే మీ నాన్నగారిని కూర్చోబెట్టి ఫీజుతో సహా రెండేళ్ళ మొత్తం ఖర్చు రాసి చూపించు. బ్యాంకు లోను తీసుకుంటే, చదివేటప్పుడు వాయిదా కట్టక్కర్లేదన్నా వడ్డీ పడుతూనే ఉంటుందని కూడా ఆయనకి చెప్పు.

ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 వచ్చింది, మళ్ళీ రాయనా అన్నావు. చాలాచోట్ల 6.5 సరిపోతుంది. ఆ పరీక్ష ఫీజుతో జర్మన్ తొలి మెట్టు, ఏ1 క్లాసులో చేరు.