ఫోన్లే ఇంత బాగా తీస్తుంటే, ముందుముందు ఫోటోగ్రఫీ ఎలా మారుతుంది?

మొన్న చెన్నై టీ నగర్‌లో మా బాబాయి కూతురి పెళ్లి. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి కరెంటు పోయింది. ఫోన్ నైట్ మోడ్‌లో తీస్తే బుగ్గచుక్క కూడా స్పష్టంగా పడింది! అది లెన్సు గొప్పతనం కాదు. ఫోన్ వరసగా చాలా ఫ్రేములు తీసి, లెక్కలు కట్టి వాటిని కలిపి, చీకట్లో ఫోటో మీద పడే రవ్వల్లాంటి మచ్చలు తుడిచేస్తుంది. ఈ లెక్కలు రేపు ఇంకా ముదురుతాయి.

నా టెన్షన్ మాత్రం నమ్మకం గురించే. పెళ్లికి రానివాళ్లని కూడా ఏఐ ఫోటోలో నిలబెట్టేస్తోంది. అందుకే 2023లో వచ్చిన లైకా ఎం11-పి కెమెరా, ఫోటో తీసినప్పుడే ఫైల్లో డిజిటల్ సంతకం పెట్టగలదు. తర్వాత ఎవరైనా దాన్ని మారిస్తే పట్టుకోవచ్చు. పత్రికలకు ఇలాంటివే కావాల్సి వస్తాయి. పెళ్లి ఆల్బమ్‌కి ఇవన్నీ ఎవరడుగుతారు లెండి, మా పిన్ని అప్పుడే తన జుట్టు నల్లగా చేయమంది.