ధ్రువ నక్షత్రం కొండ వెనకాల

ప్రశ్న: సార్, మావాడు ఎనిమిదో తరగతి. టెలిస్కోప్ కావాలని ఆరు నెలలుగా ఒకటే గొడవ. 20 వేలదాకా పెట్టగలం. 70 మిల్లీమీటర్ల లెన్స్‌ది ఒకటి చూశాం, పెట్టె మీద 525 రెట్లు అని ఉంది. ఇంకోటి 130 మిల్లీమీటర్ల అద్దంది, ఈక్వటోరియల్ మౌంట్‌తో (ఒకరకం స్టాండు). అద్దం తొందరగా పాడవుతుందని షాపులో అన్నారు. ఏది కొనమంటారు?
– ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: అద్దందే కొనండమ్మా. కానీ ఆ మౌంట్‌తో వద్దు.

525 సంగతి మర్చిపోండి. 70 మి.మీ. లెన్స్ మహా అయితే 140 రెట్లదాకా పనికొస్తుంది. ఆపైన చందమామ కూడా విరిగిన పాలలా కనిపిస్తాడు. 130 మి.మీ. అద్దం దానికి దాదాపు మూడున్నర రెట్ల వెలుగు పోగుచేస్తుంది. పాడవుతుందన్న భయం వద్దు, తమిళనాడులో కావలూరు అబ్జర్వేటరీలోని 2.3 మీటర్ల టెలిస్కోప్ కూడా అద్దానిదే. అక్టోబరు, నవంబరు వానలకు బూజు పట్టొచ్చు, అది లెన్స్‌కైనా అంతే. మూతపెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి.

అసలు చిక్కు మౌంట్‌తోనే. దాని ఇరుసుని ధ్రువ నక్షత్రానికి గురిపెట్టాలి. తిరుపతిలో అది 13, 14 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చేయి చాపి పిడికిలి పట్టి చూడండి, పిడికిలిన్నర కూడా లేదు. మనకి ఉత్తరాన ఏముంది? కొండ! మా ఇల్లు కపిలతీర్థం దగ్గర. నా మొదటి టెలిస్కోప్ అలాంటి మౌంట్‌దే. మిద్దె మీద గంటసేపు ధ్రువుడి కోసం వెతికి, చివరికి కొండమీద ఓ చుక్కకి గురిపెట్టాను. కాసేపటికి అది మలుపు తిరిగింది. ఘాట్ రోడ్డులో బస్సు. చుట్టాలొస్తే మా ఆవిడ ఇప్పటికీ ఆ కథే చెబుతుంది.

అందుకని డాబ్సోనియన్ అడగండి. చెక్క పీట మీద గొట్టం, చేత్తో తిప్పుకోవడమే. 130 మి.మీ.లో 650 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌ది (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) బల్లమీద పెట్టుకునే రకం ఉంటుంది. ప్లాస్టిక్ స్టూలు మాత్రం వద్దు, ఊగుతుంది. 10 మి.మీ. ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెడితే, 650ని 10తో భాగించి, 65 రెట్లు, శని ఉంగరాలకి చాలు. 2025 మార్చిలో అవి మనవైపు అంచు తిప్పి కనబడకుండా పోయాయి, ఇప్పుడు మళ్లీ విచ్చుకుంటున్నాయి. పగలు సూర్యుడి వైపు తిప్పనివ్వకండి, కన్ను పోతుంది.

ఫోటోల్లో ఉండే రంగులు కనబడవని మీవాడికి ముందే చెప్పండి. ఒరియన్ నెబ్యులా అనే వాయుమేఘం బూడిదరంగు పొగలా ఉంటుంది, అంతే. ఏప్రిల్, మేలలో చంద్రుడు లేని రాత్రి చంద్రగిరి దాటి, దక్షిణం ఖాళీగా ఉన్న చోటికి తీసుకెళ్లండి. ఒమేగా సెంటారీ నక్షత్రాల గుంపు మనకి దాదాపు 29 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. ఢిల్లీ పిల్లలకి అందులో సగమే.