టర్కీలో ‘దుర్మా’ అని చెప్పినా డ్రైవర్ టాక్సీ ఎందుకు ఆపలేదని అడిగారు కదా...

టర్కిష్ భాషలో మీరు అన్న ‘దుర్మా’కు అర్థం ‘ఆగకు’. డ్రైవర్ మీ మాటే విన్నాడు!

దుర్‌మక్ (ఆగడం)లో చివరి ‘క్’ ఒక్కటే తీసేసి ఉంటారు. చాలామంది జారేది ఇక్కడే. ‘మక్’ లేదా ‘మెక్’ మొత్తం పోవాలి.

1. దుర్‌మక్ → దుర్ (ఆగు). గెల్‌మెక్ → గెల్ (రా). బక్‌మక్ → బక్ (చూడు). ధాతువే ఆజ్ఞ, ఇంకేమీ తగిలించక్కర్లేదు.

2. వద్దనడానికే ‘మా’ లేదా ‘మె’: దుర్మా (ఆగకు), గెల్మె (రాకు). పలికేటప్పుడు నొక్కి పలకాల్సింది ‘మా’ను కాదు, దాని ముందున్న ‘దుర్’ను.

3. మన ‘అండి’ లాంటిది ‘ఇన్’. దాని అచ్చు ముందున్న అచ్చును బట్టి మారుతుంది: గెలిన్ (రండి), దురున్ (ఆగండి). ధాతువు అచ్చుతో ముగిస్తే మధ్యలో ‘య’కారం: బెక్లె → బెక్లెయిన్ (వేచి ఉండండి). గిత్ (వెళ్ళు) మాత్రం గిదిన్ అవుతుంది. గెలిన్‌కు కోడలు అనే అర్థం కూడా ఉంది, కంగారుపడకండి.

టాక్సీలో ‘బురదా దురున్, లుత్ఫెన్’ అనండి: ఇక్కడ ఆపండి, దయచేసి. దోల్ముష్ (మన షేర్ ఆటో లాంటి) వ్యాన్‌లోనైతే ఆజ్ఞే అక్కర్లేదు. ‘ఇనెజెక్ వార్’, అంటే దిగేవాళ్ళున్నారు, అని కేకేస్తే చాలు.