ఆ 2 కేజీల లెన్స్ మీ అమ్మాయికి వద్దు

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మాయికి నీట్‌లో సీటు రాలేదు. బీఎస్సీ జువాలజీలో చేరింది, ఇప్పుడు మొదటి సంవత్సరం. ఇంట్లో క్యానన్ ఆర్50 కెమెరా, దాంతో వచ్చిన చిన్న లెన్స్ ఉన్నాయి. పక్షుల ఫొటోలకు తేలికైన టెలీ జూమ్ (దూరాన ఉన్నది దగ్గరగా చూపే లెన్స్) కావాలంటోంది. కొంటే ఒకేసారి పెద్దది, 200-800 కొందామంటారు వాళ్ల నాన్న. మళ్లీ నీట్ రాస్తానని మాటిస్తేనే కొనాలని నా ఉద్దేశం. ఏ లెన్స్ మంచిది? అసలు వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రఫీలో బతుకుతెరువు ఉందా?

జవాబు: అమ్మా, మీరు లెన్స్ గురించి అడిగారు గానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది లెన్స్ కాదు. ఇది చేతికిస్తే పిల్ల ఇక చదువు వైపు తిరిగి చూడదేమో అన్న భయం. నీట్ ఫలితాలు వచ్చాక ఏటా చాలా ఇళ్లలో ఉండే భయమే ఇది. దాని సంగతికి వస్తాను. ముందు లెన్స్ తేల్చేద్దాం.

మీ అమ్మాయికి సరిపోయేది క్యానన్ ఆర్‌ఎఫ్ 100-400. ఈ అంకెలు మిల్లీమీటర్లు, అంకె పెద్దదైతే దూరాన ఉన్నది అంత దగ్గరగా కనిపిస్తుంది. బరువు 635 గ్రాములు. ఆర్50 బ్యాటరీతో కలిపి 375 గ్రాములు. రెండూ కలిస్తే కేజీకి పది గ్రాములు ఎక్కువ. వాళ్ల నాన్నగారు చెప్పిన 200-800 ఒక్కటే 2,050 గ్రాములు, కెమెరాతో కలిపితే దాదాపు రెండున్నర కేజీలు. ఈ తేడా అంకెల్లో తెలియదు. లీటరు నీళ్ల సీసాను రెండు చేతులతో కంటి ఎత్తుకు పట్టుకుని రెండు నిమిషాలు నిలబడమనండి. తర్వాత రెండున్నర కేజీల మూటతో అదే పని చేయమనండి. లకుముకి పిట్ట కొమ్మ మీంచి నీళ్లలోకి దూకే క్షణం కోసం అలా ఎదురుచూడాలి. చేతులు వణకడం మొదలయ్యాక ఎంత పెద్ద లెన్సయినా ఇచ్చేది మసక బొమ్మే. ట్రైపాడ్ ఉంటుంది కదా అనకండి. కొండకర్ల ఆవ సరస్సులో తాటిదోనె మీద ట్రైపాడ్ నిలవదు, కంబాలకొండ కాలిబాటలో దాన్ని మోస్తూ తిరగడం ఇంకో బరువు.

ఆర్50 సెన్సర్ చిన్నది కాబట్టి దృశ్యం 1.6 రెట్లు దగ్గరగా కనిపిస్తుంది. 400 పెడితే పెద్ద సెన్సర్ కెమెరాలో 640 పెట్టినంత దగ్గర. మేఘాద్రిగెడ్డ జలాశయంలో కొంగలకు, నీటికాకులకు అది చాలు. చిన్న పిట్టలకు మాత్రం దగ్గరికి వెళ్లాల్సిందే. అది డబ్బుతో వచ్చే విద్య కాదు. పిట్ట ఎక్కడ వాలుతుందో ముందే తెలుసుకుని, అక్కడ కదలకుండా కూర్చోవడం నేర్చుకోవాలి. పెద్ద లెన్స్ ఉన్నవాళ్లు దూరం నుంచే తీసేద్దామనుకుంటారు. మన ఎండల్లో పదయ్యాక నీటి మీద వేడిగాలి అలలు లేస్తుంది. దాని గుండా దూరం నుంచి తీస్తే 800 అయినా బొమ్మ కరిగినట్టే వస్తుంది.

100-400 లోపాలూ చెప్పాలి. 400 దగ్గర అపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ 8. ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్ 5.6 లెన్స్‌తో పోలిస్తే సగం వెలుతురే లోపలికి వస్తుంది. ఎండలో ఎగిరే పక్షికి షట్టర్ సెకనులో 2000వ వంతు పెట్టినా ఐఎస్‌వో (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 500, 800తో గడిచిపోతుంది. అనంతగిరి కాఫీ తోటల నీడలో తెల్లవారుజామున మాత్రం 6400 పెట్టాల్సి వస్తుంది, బొమ్మలో రవ్వలాంటి చుక్కలు కనిపిస్తాయి. అలాంటి చోట కూర్చున్న పిట్టకే పరిమితమై, షట్టర్ సెకనులో 250వ వంతుకు దించి, వరసగా పదేసి ఫ్రేములు తీస్తే ఒకటి రెండు స్థిరంగా వస్తాయి. లెన్స్‌లోని స్టెబిలైజర్ చేతి వణుకును ఆపుతుంది గానీ పక్షి కదలికను ఆపదు. ఆర్50 బాడీలో స్టెబిలైజర్ లేదు కాబట్టి లెన్స్‌లో ఉన్నది తప్పనిసరి. ఇంకొకటి, ఎగిరే పక్షులకు షట్టర్ మోడ్‌ను ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్‌లో ఉంచమనండి. పూర్తి ఎలక్ట్రానిక్‌లో తీస్తే రెక్కలు వంకరగా వస్తాయి. అది చూసి లెన్స్ పాడైందనుకుని దుకాణానికి పరిగెత్తేవాళ్లున్నారు.

పెద్దది కొంటే వెలుతురు ఎక్కువ వస్తుందనుకుంటున్నారేమో. 200-800 కూడా 400 దగ్గర ఎఫ్ 7.1, చివర 800 దగ్గర ఎఫ్ 9. ధరలో మాత్రం చిన్నది దాని మూడో వంతు దగ్గర ఉంటుంది. మధ్యలో 100-500 ఉంది, ట్రైపాడ్‌కు బిగించే కాలర్ తీసేస్తే 1,370 గ్రాములు. మంచి లెన్సే గానీ మొదటి ఏడాది విద్యార్థికి ఆ ఖర్చు అనవసరం. డబ్బు బాగా ఇబ్బందైతే పాత ఈఎఫ్-ఎస్ 55-250 ఎస్‌టీఎమ్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుని అడాప్టర్‌తో బిగించుకోవచ్చు. అది 375 గ్రాములే, కానీ 250 దగ్గర ఆగిపోతుంది. పక్షులకు ఆ కొరత రోజూ తెలుస్తుంది.

100-400కి వాన, దుమ్ము లోపలికి రాకుండా ఆపే సీల్ లేదు. విశాఖలో ఇది ముఖ్యం. భీమిలి, రుషికొండ తీరంలో వాడిన రోజు సాయంత్రమే కొంచెం తడి గుడ్డతో లెన్స్ బయటి భాగాన్ని తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడవాలి. వర్షాకాలంలో బ్యాగులో పెట్టి బీరువాలో మూసేస్తే అద్దాల మీద బూజు పడుతుంది. అది పట్టాక శుభ్రం చేయించడానికి ఖర్చు ఎక్కువ, ఒక్కోసారి మరక పోనే పోదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటర్ కొనండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. ఏసీ గదిలోంచి బయటికి తీసుకెళ్లేటప్పుడు అరగంట బ్యాగు జిప్ తీయకూడదు, తీస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది.

ఇక బతుకుతెరువు. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ అనే మాటకు ఇప్పుడు మోజు ఎక్కువైంది. ఫోన్‌లో ఒక పులి బొమ్మకు వచ్చే లైకులు చూసి పిల్లలు దాన్నొక ఉద్యోగమనుకుంటున్నారు. బొమ్మలు అమ్మి ఇల్లు గడిపేవాళ్లు బహు తక్కువ. చాలామందికి డబ్బు టూర్లు తిప్పడం, వర్క్‌షాపులు పెట్టడం, పెళ్లిళ్లు తీయడం నుంచి వస్తుంది. టూర్లు తిప్పాలంటే ముందు పేరుండాలి, పేరు రావడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లు ఇంట్లోవాళ్లు పోషించాలి. ఒకే పులి చుట్టూ ఇరవై జీపులు ఆగి, అందరూ అదే బొమ్మ తీసుకుంటే ఆ బొమ్మకు విలువ ఎక్కడుంటుంది? గూటి దగ్గరికి చేరి పిల్లపక్షుల్ని తీసి లైకులు తెచ్చుకునేవాళ్లు ఇంకా ప్రమాదం. తల్లిపక్షి గూడు వదిలేస్తే పిల్లలు చచ్చిపోతాయి. మీ అమ్మాయి ఆ దారిలో వెళ్తానంటే నేను వద్దనే చెబుతాను.

కానీ తన చేతిలో జువాలజీ ఉంది. ఫొటో అందమైన బొమ్మ కాకుండా రుజువు అయినప్పుడు దాని విలువ వేరు. ఏ పక్షి, ఏ తేదీన, ఎక్కడ, ఎన్ని అని ఈబర్డ్‌లో (పక్షులు చూసేవాళ్లు వివరాలు నమోదు చేసే వెబ్‌సైట్) రాసి ఫొటో జతచేస్తే అది పరిశోధకులకు పనికొస్తుంది. అలాంటి నోట్సు మూడేళ్లు పోగేస్తే వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో తన గురించి చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది. డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో ఆ కోర్సులున్నాయి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు జువాలజీ డిగ్రీ అర్హతే. సివిల్స్ ప్రిలిమ్స్ దాటాలి, కష్టమైనదే, కానీ దారి మూసుకుపోలేదు. మీరు చదువు పోయిందనుకుంటున్న చోటే చదువు ఉందమ్మా.

కాస్త గట్టిగా చెబుతాను, నొచ్చుకోకండి. లెన్స్‌ను నీట్‌కు లంచంగా పెట్టకండి. ఇష్టం లేని పరీక్షకు ఇంకో ఏడాది కూర్చోబెడితే ఆ ఏడాదీ పోతుంది, జువాలజీ మీద ఉన్న శ్రద్ధా పోతుంది. రాయాలనుంటే తనే అడుగుతుంది. మీరు రాసిన దాంట్లో తన మార్కులు ఎన్నో లేదు, ఏ సబ్జెక్టు ఇష్టమో లేదు. వాళ్ల నాన్న ఏమన్నారో, మీరేమనుకున్నారో ఉంది. పిల్ల తేలికైనది కావాలని అడిగింది. అంటే తను ఎంత మోయగలదో, ఎంత దూరం నడుస్తుందో ఆలోచించుకునే అడిగింది. ఆ మాటకు ఇంట్లో ఎవరూ విలువ ఇవ్వలేదు.

ఆడపిల్ల తెల్లారకుండా చెరువు గట్టుకు వెళ్లడం గురించి మీరు రాయలేదు గానీ, మనసులో ఉండే ఉంటుంది. ఒంటరిగా పంపొద్దు. కాలేజీ స్నేహితులతోనో, పక్షులు చూసేవాళ్ల బృందంతోనో వెళ్లమనండి, మొదటి రెండు సార్లు మీరే వెంట వెళ్లండి. కంబాలకొండ అభయారణ్యం కాబట్టి గేటు దగ్గర కెమెరా నిబంధనలు అడిగి తెలుసుకోవాలి. నౌకాదళ ప్రాంతాల వైపు, పోర్టు వైపు లెన్స్ తిప్పకూడదని గట్టిగా చెప్పండి. గద్దను తీస్తున్నానన్నా అక్కడ వినరు.

కొనే రోజు అమ్మాయిని, ఆర్50ని తీసుకెళ్లండి. దుకాణం గుమ్మంలో నిలబడి, 400కి జూమ్ చేసి, ఎదురు వీధిలోని బోర్డు మీద అక్షరాలను ఎఫ్ 8లో పది ఫ్రేములు తీసి, స్క్రీన్ మీద పెద్దవి చేసి అంచులు చూడమనండి. ఈ లెన్స్‌తో హుడ్ (ముందు బిగించే తొడుగు) రాదు, విడిగా ఈటీ-74బి అడిగి తీసుకోండి. ఎండ పక్క నుంచి కొట్టినప్పుడు బొమ్మ పాలిపోకుండా ఆపుతుంది, కింద పడితే ముందు దెబ్బ అదే తింటుంది.