ప్లీహం దగ్గరి మలుపుకే ఎందుకంత ముప్పు?

రక్తపోటు బాగా పడిపోతే పెద్దపేగులో ప్లీహం దగ్గరి మలుపే ఎందుకు తరచుగా దెబ్బతింటుందని అడిగారు. పేర్లు బట్టీ పట్టడం కాసేపు ఆపండి. ఉదర మహాధమని నుంచి పేగులకు ముఖ్యంగా మూడు కొమ్మలు. సీలియాక్ ధమని జీర్ణాశయానికి, డుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) పైసగానికి. ఎగువ మెసెంటెరిక్ ధమని అక్కడి నుంచి అడ్డపేగులో (పెద్దపేగులో అడ్డంగా సాగే భాగం) మూడింట రెండు వంతుల దాకా. మిగిలినది, మలాశయం పైభాగం వరకు, దిగువ మెసెంటెరిక్‌ది. మీరడిగిన మలుపు ఈ చివరి రెండింటి సరిహద్దు. వేసవిలో మన చెన్నైలో పైపు చివరి ఇళ్లకు నీరందదు చూడండి, అచ్చం అదే పరిస్థితి. రెండింటినీ కలుపుతూ పెద్దపేగు అంచు వెంట సాగే డ్రమండ్ అంచు ధమని ఉంది గానీ, కొందరిలో సరిగ్గా అక్కడే అది సన్నగా ఉంటుంది, లేదా అసలు కొనసాగదు. ఈసారి డిసెక్షన్ హాల్లో (శవాన్ని కోసి నేర్చుకునే గదిలో) కొవ్వును నెమ్మదిగా తొలగించి, ఆ ధమనిని మలుపు దాకా వేలితో వెంబడించండి.